సులోచనను నేనడిగిన ప్రశ్న

ఆటగాళ్ల మనసులు కుదుటపరచడం నా వృత్తి. నన్ను అక్కా అని పిలిచే ఒక పిల్ల మనసును కావాలని చెడగొట్టి ఈ వృత్తిలోకి వచ్చాను. మొదటి మాట నన్నెరిగిన అందరికీ తెలుసు. రెండోది ఇరవై ఏళ్లు దాటినా ఎవరికీ చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా పెదవి దాటనివ్వలేదు. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని సర్దుకునేదాన్ని. తెలిసినవాడి దగ్గర దాటవేయడం తేలిక. ఏమీ తెలియని మీ దగ్గర మొదలుపెట్టడమే కష్టంగా ఉంది.

నా పేరు రాయను. సులోచన అన్నది కూడా నేను పెట్టిన పేరే. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

మేం భిలాయిలో, రుఆబాంధా సెక్టారులో ఉండేవాళ్లం. భీమిలి దగ్గరి పల్లె నుంచి తాత వచ్చి ఉక్కు ప్లాంటులో చేరాడు, ఆ తర్వాత నాన్న చేరాడు. ఇంట్లో మా వైపు తెలుగు, వీధిలో హిందీ, చర్చిలో రెండూ. మా సెక్టారుకు ఆనుకుని ఒక మైదానం ఉండేది. దాని చివర మట్టికట్ట, కట్టముందు గడ్డి బిగించి కట్టిన టార్గెట్లు. అక్కడ నేను విలువిద్య నేర్చుకున్నాను. సాయంత్రం అయ్యేసరికి బట్టల మీద ఎర్రటి దుమ్ము పేరుకునేది. అమ్మ వాటిని విడిగా నానబెట్టి ఉతికేది.

కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజులవి. అంతకుముందు పెద్ద పోటీలకు వెళ్లాలంటే మధ్యప్రదేశ్ జట్టులో చోటు దొరకాలి. భోపాల్ వాళ్లనూ జబల్‌పూర్ వాళ్లనూ దాటుకుని మా దాకా ఎక్కడ వస్తుంది? ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌కు సొంత జట్టు అన్నారు. జట్టులో ఆడితే చదువులో సీటు, రైల్వేలో ఉద్యోగం అన్నారు. ఎంతవరకు నిజమో ఎవరికీ తెలియదు. కానీ మైదానానికి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఆ మాటే నలిగేది.

సులోచన చరోదా నుంచి వచ్చేది. వాళ్ల నాన్న అక్కడి రైల్వే యార్డులో పెట్టెలు కలిపే పని చేసేవాడు. తల్లి మాలాగే చర్చికి వచ్చేది, తండ్రి పైడితల్లమ్మ పటానికి దీపం పెట్టేవాడు, ఆ ఇంట్లో ఆ విషయమై ఎప్పుడూ గొడవ వినలేదు. నాకంటే రెండేళ్లు చిన్నది. పవర్‌హౌస్ బజారు దాకా టెంపోలో వచ్చి, అక్కడ పెట్టుకున్న సైకిలు తొక్కుకుంటూ వచ్చేది. విల్లుకు నారి ఎక్కించడం దానికి నేర్పింది నేనే. ముంజేతికి కట్టుకునే తోలుపట్టీ లేకపోతే నా పాతది ఇచ్చాను. పొద్దున్నే సాధన ఉన్న రోజుల్లో ముందు సాయంత్రమే వచ్చి మా ఇంట్లో ఉండిపోయేది. అమ్మ మా ఇద్దరికీ ఒకే కంచంలో కలిపి పెట్టేది.

ఏడాది తిరగకుండానే అది నన్ను దాటిపోయింది.

దాని విద్య చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. విల్లెత్తడం, లాగడం, వదలడం మూడూ వేరువేరు పనులు కానట్టు ఉండేది. బాణం ఇంకా గాలిలో ఉండగానే దాని ధ్యాస ఇంకెక్కడికో పోయేది. టిఫిన్ డబ్బాలో ఏం పెట్టారో, టెంపో దొరుకుతుందో లేదో, అలాంటివి. నేను అలా కాదు. ప్రతి బాణానికీ భుజం ఎక్కడ ఉంది, మోచెయ్యి ఎక్కడ ఉంది అని నన్ను నేను తనిఖీ చేసుకునేదాన్ని. బాగానే వేసేదాన్ని. బాగా అన్నదానికి ఒక హద్దు ఉంటుంది కదా, ఆ హద్దు దగ్గరే ఆగిపోయేదాన్ని.

అప్పుడే మేడమ్ రావడం మొదలుపెట్టారు. దుర్గ్‌లో ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. మా కోచ్‌కు తెలిసినావిడ. ఆదివారం ఆదివారం వచ్చి మమ్మల్ని గోడనీడన కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనేవారు. బాణం వెళ్లి టార్గెట్ నడిమి పసుపు వలయంలో గుచ్చుకోవడం లోపల్లోపలే చూడమనేవారు. మనసుకు కూడా సాధన ఉంటుందన్నది మాకు కొత్త. మగపిల్లలు ఆవిణ్ణి పిచ్చి డాక్టరు అని వెనకాల నవ్వుకునేవాళ్లు. నాకు మాత్రం ఆవిడ మాటలు ఆకలి మీద అన్నంలా ఉండేవి. డిగ్రీలో నేనూ అదే చదువుతున్నాను. ఆవిడ సంచి మోసేదాన్ని, పుస్తకాలు అడిగి తెచ్చుకునేదాన్ని. నీకు మనుషుల్ని చూసే కన్ను ఉంది అని ఒకసారి అన్నారు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో.

ఒక ఆదివారం అందరూ వెళ్లిపోయాక ఆవిడ నాకొక సంగతి చెప్పారు. కొత్తగా నేర్చుకునేటప్పుడు మనసు చేతికి దారి చూపిస్తుందట. నేర్చుకోవడం అయిపోయాక చెయ్యి తన దారి తాను చూసుకుంటుంది. అప్పుడు మనసు మళ్లీ మధ్యలో దూరి ఎలా చేస్తున్నావని అడిగితే చెయ్యి తడబడుతుంది. గబగబా మెట్లు దిగేవాణ్ణి పట్టుకుని ఏ కాలు ముందు వేస్తున్నావని అడిగి చూడు, అన్నారు. అందుకే పోటీ దగ్గరపడ్డాక బాగా ఆడేవాళ్లను ఎలా ఆడుతున్నావని అడగకూడదు. ముఖ్యంగా సులోచనలాంటివాళ్లను. వాళ్లకు తెలియకుండా జరుగుతున్నదే వాళ్ల బలం.

జాగ్రత్త చెప్పారు ఆవిడ. ఆ పిల్లను కాపాడుకోమని చెప్పారు. నేను విన్నది ఏమిటి? ఆ రోజు విన్నప్పుడే నాలో ఏదైనా కదిలిందా? లేదనే అనుకుంటాను. అంత ముందే అనుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పటికీ ధైర్యం చాలడం లేదేమో, అదీ తెలియదు.

జట్టు ఎంపిక మా మైదానంలోనే పెట్టారు. అమ్మాయిల్లో మొదటి ముగ్గురికే చోటు. అప్పటిదాకా వచ్చిన లెక్క ప్రకారం సులోచన మొదట ఉంది. తర్వాతి ఇద్దరూ రాయ్‌పూర్, బిలాస్‌పూర్ వైపు వాళ్లు. నాలుగో పేరు నాది. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ రాయాలి: ఆ ఇద్దరిలో ఎవరైనా తగ్గితే నాకు చాలు. కానీ వాళ్లు నాకు పరాయివాళ్లు. వాళ్ల మనసులోకి నాకు దారి లేదు. నాకు దారి తెలిసిన మనసు ఒక్కటే ఉంది. అది మా అమ్మ కలిపిన ముద్ద తిని నా పక్కన పడుకునే పిల్లది.

ఎంపికకు ముందురోజు పొద్దున ఇద్దరం సాధన చేస్తున్నాం. ఆ రోజు దాని బాణాలు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా గుచ్చుకున్నాయి. వాటిని పీకి తీసుకుని బాణాలు వేసే గీత దగ్గరికి తిరిగి నడుస్తున్నాం. ఎండ ఇంకా ఎక్కలేదు. మామూలుగా అడిగినట్టే అడిగాను.

"సులూ, ఒకటడగనా? బాణం వదిలేటప్పుడు నువ్వు ఊపిరి పీలుస్తావా, వదుల్తావా?"

అది నవ్వింది. "నాకేటి తెల్సక్కా? ఎప్పుడూ సూసుకోలేదు."

"నీలాగ ఎయ్యాలని నేర్సుకుందామనే. ఈపాలి సూసి సెప్పవా?"

"అలాగే. సూసి సెప్తాను."

ఇంతే. ఎవరైనా పక్కనుండి విన్నా తప్పు పట్టడానికి ఏముంది ఇందులో? ఒక అక్క చెల్లెల్ని మెచ్చుకుని అడిగింది. ఆ మాటల్ని నేను అందుకే ఎంచుకున్నాను. తిట్టు కాదు, బెదిరింపు కాదు, అబద్ధం కూడా దాదాపు కాదు. ఎవరూ నన్ను పట్టుకోలేని మాటలు. నన్ను నేను కూడా పట్టుకోకుండా తప్పించుకోగల మాటలు.

తర్వాతి బాణానికి అది విల్లెత్తి, లాగి, ఆగింది. అంతకుముందెన్నడూ అక్కడ ఆగలేదు. కళ్లు టార్గెట్ మీద ఉన్నాయి కానీ చూపు లోపలికి పోయినట్టనిపించింది. వదిలింది. పసుపుకు దూరంగా, నీలం వలయంలో పడింది. నా వైపు తిరిగి నవ్వుతూ, తెలియలేదక్కా, మళ్లీ చూస్తాను అంది. మళ్లీ చూసింది. మళ్లీ. నాలుగైదు బాణాల తర్వాత నవ్వడం మానేసింది.

నాకప్పుడు ఏమనిపించిందో చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. భయం వేయలేదు. జాలి కలగలేదు. వంట కుదిరినప్పుడు కలుగుతుందే, అలాంటి చిన్న తృప్తి కలిగింది. మేడమ్ చెప్పింది నిజమే అనుకున్నాను. పుస్తకంలో చదివింది కళ్లముందు జరిగితే విద్యార్థికి కలిగే సంతోషం. ఆ సంతోషం అడుగున జట్టులో చోటు ఖాళీ అవుతోందన్న సంతోషం.

సాయంత్రం అన్నం తింటూ అది నన్నడిగింది, వదిలే ముందు తాను ఊపిరి ఆపేస్తున్నట్టుందని, అది తప్పా అని. అమ్మ అక్కడే ఉంది, పులుసు వడ్డిస్తోంది. అదంతా వదిలేయ్, నేనేదో వాగాను, ఎప్పటిలాగే వెయ్యి అని ఆ క్షణంలో అంటే సరిపోయేది. ఇంకా ముదరలేదు. అది నేనేం చెబితే అది నమ్మేది. నేనేమన్నానంటే, తప్పని కాదు, కానీ రేపు కొంచెం గమనించుకో అన్నాను. రెండోసారి పొడవడం ఇది. పొద్దుటిది అనుకోకుండా నోరు జారిందని ఎప్పుడైనా నన్ను నేను నమ్మించుకుందామన్నా, ఈ రెండోది అడ్డం వస్తుంది.

మర్నాడు ఎంపికలో సులోచన విల్లు లాగి పట్టుకుంది కానీ బాణం వదలలేకపోయింది. దించింది. మళ్లీ లాగింది. మళ్లీ దించింది. గడువు అయిపోయి ఈల వేసినప్పుడు అమ్ములపొదిలో ఇంకా బాణాలు మిగిలి ఉన్నాయి. విలుకాళ్లకు ఇలాంటిది వస్తుంటుంది. హాథ్ బంధ్ గయా అంటారు మా వైపు, చెయ్యి కట్టేసినట్టయింది అని. ఆ మాట కూడా పైకి అనరు, అంటే పక్కవాళ్లకు అంటుకుంటుందని భయం. మైదానం అంతా తల పక్కకు తిప్పుకుంది. అది గీత మీద నిలబడి నా కోసం చూసింది. నాకు తెలుసు, చూపు తగిలింది. నేను నా టార్గెట్ వైపే చూస్తూ ఉన్నాను. ఆ రోజు నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ వేయలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నన్ను చూసి నాకే భయమేస్తుంది.

మూడో పేరు నాదయింది.

ఇక్కడితో ఆగిపోయినా నేను చేసినది తప్పే. కానీ నా లెక్కలో పెద్ద తప్పు ఆ తర్వాత జరిగింది. జట్టు పెద్ద పోటీలకు బయలుదేరడానికి ఇంకా వ్యవధి ఉంది. కోచ్‌కు సులోచన మీద ఆశ పోలేదు. ఎవరైనా కాలూ చెయ్యీ నొప్పి చేసుకుంటే బదులు దీన్ని పంపవచ్చు, ఈలోగా దాన్ని దారిలో పెట్టండి అని మేడమ్‌ను అడిగాడు. మేడమ్ నన్ను పిలిచారు. నీకు దగ్గరిది, నీ మాట వింటుంది, రోజూ దానితో కూర్చో అన్నారు. పోటీ భయం అనుకున్నారు ఆవిడ. భయానికి మామూలుగా ఇచ్చే సాధనే ఇచ్చారు: కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టడం. లోపలికి పోయేది గమనించు, బయటికి వచ్చేది గమనించు.

మీకు అర్థమైందనుకుంటాను. దానికి జబ్బు ఎక్కడ పెట్టానో అక్కడే మందు పేరుతో మళ్లీ మళ్లీ వేలు పెట్టించారు. పాపం ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. సామాను గది మెట్ల మీద దాని ఎదురుగా కూర్చుని, ఊపిరి గమనించు సులూ, అని మెల్లగా, ప్రేమగా చెప్పింది నేను. చెప్పిన ప్రతిరోజూ చెయ్యి ఇంకాస్త బిగుసుకునేది. టార్గెట్‌కు మూరెడు దూరంలో నిలబెట్టినా వదలలేకపోయేది.

మేడమ్‌తో ఒక్క మాట చెబితే చాలు. ఇది భయం కాదు మేడమ్, ఊపిరి సంగతి ఎవరో అడిగారు, అది మనసులో చిక్కుకుంది. అప్పుడు ఆవిడ దారి మార్చేవారు. పాటలు పాడిస్తూ వేయించేవారో, కబుర్లు చెబుతూ వేయించేవారో. ఇప్పుడు నేను నా దగ్గరికొచ్చే పిల్లలకు చేయించేది అదే, చాలామందికి నయమవుతుంది. కానీ ఎవరడిగారు అని ఆవిడ అడుగుతారు కదా. నేను ఆ ప్రశ్నకు భయపడ్డాను.

ఒకరోజు మేడమ్ నా ముందే దాన్ని అడిగారు, ఇది ఎప్పుడు మొదలైంది, ఎవరైనా ఏమైనా అన్నారా అని. సులోచన ఒకసారి నా వైపు చూసింది. చూసి, తెలియదు మేడమ్, ఊరికే మొదలైంది అంది. ఆ చూపు ఏమిటి? దానికి తెలిసిందా? తెలిసి దాచిందా? ఏళ్ల తరబడి ఆ చూపును విప్పాలని చూశాను. విప్పడానికి భయపడి మళ్లీ కట్టేసేదాన్ని.

ఆ రోజుల్లోనే వాళ్ల నాన్న ఒకనాడు వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా మీద గ్రీజు మరకలున్నాయి. కంచె బయటే నిలబడి చాలాసేపు కూతుర్ని చూశాడు. నేను బయటికి వస్తుంటే పక్కకు పిలిచాడు.

"అమ్మా, నువ్వు సదూకుంటన్నదానివి. మా గుంటకి ఏటైందమ్మా? సెయ్యి బాగానే ఉందంటన్నారు డాక్టర్లు."

"సేతికేం నేదు మావయ్యా. మనసు గట్టిది కాదు. కొంతమందికి పుట్టుకతోనే అంతే."

ఆయన తలూపాడు. మంచిదమ్మా, నువ్వు చూసుకుంటున్నావు కదా అని వెళ్లిపోయాడు. నా చదువు మీద గౌరవంతో ఆ మాటను మందుచీటీలా పట్టుకుపోయాడు. ఎవరూ అడగకుండానే పుట్టుకతోనే అన్న మాట ఎందుకు కలిపాను? కారణాన్ని నాకు వీలైనంత దూరం నెట్టడానికి. నేను పుట్టించినదాన్ని దాని పుట్టుకలోకి తోసేశాను.

నేను జట్టుతో వెళ్లాను. అక్కడ నేను సాధించింది ఏమీ లేదు, చెప్పుకోదగ్గ స్థానం కూడా రాలేదు. కానీ ఆడినట్టు ఇచ్చిన కాగితం మీద పై చదువుకు సీటొచ్చింది. ఆ చదువు మీద ఉద్యోగం వచ్చింది. విల్లు ఎప్పుడో వదిలేశాను. ఇప్పుడు దక్షిణాదిలో ఒక ఊళ్లో క్రీడాకారులు నా ఎదుట కూర్చుని తమ భయాలు చెప్పుకుంటారు. నన్ను నమ్ముతారు. వాళ్లు చెప్పింది గది దాటి పోదని మొదటిరోజే మాట ఇస్తాను. ఆ మాట ఇంతవరకూ తప్పలేదు. ఒక్కసారి కూడా. దానివల్ల పాతది మాసిపోతుందనుకున్నానా? అనుకున్నాను. మాయలేదు.

సులోచన ఆ ఏడాదే మైదానానికి రావడం మానేసింది. బతుకేమీ చెడిపోలేదు. పెళ్లయింది, భర్త రైల్వేలోనే గార్డు, తాను దుర్గ్‌లో ఒక రక్తపరీక్షల లేబొరేటరీలో పనిచేస్తుంది. ఒక కూతురు. బాగానే ఉంది కదా అని ఎన్నిసార్లు నన్ను నేను ఊరడించుకున్నానో. అందరికీ ఆటలోనే జీవితం ఉంటుందా అనేదాన్ని. నేను అడగకపోయినా ఎప్పుడో ఒకప్పుడు దానికి ఆ తడబాటు వచ్చేదే అనేదాన్ని. వచ్చేదేమో. ఒక్క ప్రశ్నతో అంత పని అవుతుందా అంటే, ఈ వృత్తిలో ఇన్నేళ్లున్నా ఖాయంగా చెప్పలేను. కానీ నేను అడిగింది పని అవుతుందని నమ్మి అడిగాను. దానికి ఏ శాస్త్రమూ నన్ను విడిచిపెట్టదు.

మొన్న మా తమ్ముడి బిడ్డ బాప్తిస్మానికి రుఆబాంధా వెళ్లాను. తమ్ముడు ప్లాంటులోనే చేరాడు, క్వార్టరు కూడా ఆ వీధిలోనే. భోజనాల దగ్గర సులోచన కనబడింది. కాస్త ఒళ్లు చేసింది, అదే నవ్వు. పక్కన దాని కూతురు. ఆ పిల్లను బడిలో ఖోఖో జట్టుకు ఎంచుకున్నారట, పిల్ల మాత్రం పేరు తీసేయమంటోందట. ఎవరో ఆంటీ ఎందుకే అని అడిగితే సులోచన నవ్వుతూ జవాబిచ్చింది. నా కూతురు కదా, మా ఇంట్లో వాళ్ల మనసులు గట్టివి కావు, పుట్టుకతోనే అంతే అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఈ అక్కనడుగు, నాకోసం ఎంత పాటుపడిందో, నాకే చేతకాలేదు అంది కూతురితో. ఆ పిల్ల నన్ను గౌరవంగా చూసింది.

నా మాటే అది. దాదాపు అక్షరం పోకుండా. తండ్రి నుంచి కూతురికి, ఆమె నుంచి ఆమె కూతురికి చేరింది. తలవంచుకుని బిర్యానీ కలపసాగాను. అప్పుడైనా నోరు తెరిచానా? లేదు. చేయి కడుక్కోవడానికి లేచిపోయాను.

మర్నాడు పొద్దున ఆటో మాట్లాడుకుని చరోదాలో సులోచన ఇంటికి వెళ్లాను. భర్త డ్యూటీకి పోయాడు, కూతురు బడికి పోయింది. సులోచన లేబొరేటరీకి బయలుదేరబోతూ నన్ను చూసి సంతోషపడి, ఆలస్యమైనా పరవాలేదని కూర్చోబెట్టి టీ పెట్టింది. టీ తాగకముందే చెప్పాలి అనుకున్నాను, తాగాక చెబితే అదో మోసంలా ఉంటుందనిపించింది. చెప్పాను. మేడమ్ నాకు ముందే చెప్పిన సంగతి చెప్పాను. ఎందుకు అడిగానో చెప్పాను. అన్నం దగ్గర మళ్లీ ఎందుకు అన్నానో చెప్పాను. మెట్ల మీద ఊపిరి సాధన ఎందుకు ఆపలేదో చెప్పాను. చివరికి వాళ్ల నాన్నతో అన్న మాట కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ నా గొంతు నా ఆఫీసు గొంతులా నిలకడగా ఉండటం విని నాకే అసహ్యమేసింది.

బయట యార్డులో పెట్టెలు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వడిగావని నాకెప్పుడూ గుర్తుందక్కా," అంది. "నేర్సుకోడానికడిగావనుకున్నాను. మేడమ్‌కి సెప్తే నిన్ను తిడతాదేటోనని సెప్పనేదు."

టీ గ్లాసును పక్కకు జరిపాను.

"నాన్న పోయినదాకా అదే మాట అనుకునీవోడు. పుట్టుకతోనే అంతేలే అనేసి. నామీద కోపం నేదు ఆయనకి. తన రక్తంలోనే లోటుందనుకున్నాడు." సంచి దగ్గరికి లాక్కుని అంది, "అది ఆయన మాటనుకున్నాను నేను."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా ఆశపడ్డాను, అది కూడా నాకోసమే. ఏమీ చేయలేదు. నేను తాగని టీ గ్లాసు తీసుకెళ్లి సింకులో ఒంపింది. సంచి భుజాన వేసుకుని తాళంచెవి తీసింది.

క్షమించమని అడిగాను.

"నాకు డ్యూటీకి టైమైపోతంది. నువ్వెల్లక్కా."

అక్కా అనడం మానలేదు. దాన్ని పట్టుకుని ఏదో ఒక ఊరట అల్లుకుందామని మనసు వెంటనే పరుగెత్తింది. ఆపాను. ఏళ్ల అలవాటు, నోటికి వచ్చేసిన పిలుపు, అంతకంటే అందులో ఏమీ లేదు. వీధి చివరిదాకా ఇద్దరం కలిసే నడిచాం. అది టెంపో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత ఫోను రాలేదు. నేనూ చేయలేదు. చేసి ఏమడగాలి? కూతురికి ఏం చెప్పిందో, అసలు చెప్పిందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నాకుందని కూడా అనుకోవడం లేదు. అది నన్ను క్షమించకపోవచ్చు, క్షమించకపోవడమే న్యాయం అనిపిస్తోంది. వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకునే దారి ఎటూ లేదు.

మీకు ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. ఆ రోజు చరోదాలో టెంపో వెళ్లిపోయాక రోడ్డు పక్కన చాలాసేపు నిలబడ్డాను. నేను దించుకున్న బరువు ఎక్కడికీ పోలేదు, దాని భుజం మీదికి ఎక్కింది, అంత తెలుసు నాకు. తెలిసి కూడా, ఛాతీలో ఏదో వదులైంది. ఆకలి వేసింది. ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని అటుకుల పోహా తెప్పించుకుని తిన్నాను. తేలిగ్గా ఉందని రాయడానికి సిగ్గుగా ఉంది. తేలిగ్గానే ఉంది.